రికార్డింగ్ ఇంజనీర్ కావాలంటే ఎటు పోవాలె

అందరికీ నమస్తే. సౌండ్ గురించి చెప్తరంటే హన్మకొండల ఇంతమంది వస్తరనుకోలే. హీరోలెవరు రాలేదు, నేనొక్కన్నే, ముందే చెప్తున్న.

తమ్ముళ్లు నన్ను అడిగేది ఒకటే, అన్నా ఏ కోర్సు చెయ్యాలె, ఎంత పెట్టాలె అని. పైసల ముచ్చట తర్వాత గానీ ఇంటర్ల ఏ గ్రూపు తీసుకున్నవో ముందు చెప్పు అంట నేను. ఎందుకంటే పుణెల ఎఫ్‌టీఐఐ అనే సర్కారు సినిమా ఇన్‌స్టిట్యూట్ల సౌండ్ కోర్సు మూడేండ్లు, దానికి డిగ్రీ ఏదైనా నడుస్తది గానీ ఇంటర్ల ఫిజిక్స్ ఉండాలె. ఎంపీసీ, బైపీసీ రెండిట్ల ఫిజిక్స్ ఉంటది కాబట్టి ఫికర్ లేదు, సీఈసీ వాళ్లకే కష్టం. 2009ల సౌండ్‌కు ఆస్కార్ తీసుకున్న రసూల్ పూకుట్టి కూడ ఫిజిక్స్ చదివి అక్కడికే పోయిండు. కోల్‌కతాల సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ల కూడ సౌండ్ నేర్పుతరు. రెండూ సర్కారువే, సీట్లు తక్కువ, ఎంట్రెన్స్ రాయాలె. చెన్నైల రహమాన్ 2008ల పెట్టిన కేఎం కన్సర్వేటరీ అనే సంగీతం బడి ఉంది, అది ప్రైవేటు.

పాటకు ఫిజిక్స్ ఎందుకే అంటరా? డప్పు తీసుకోండి. రెండు మైకులు పెట్టిన్రు, ఒకటి దగ్గర, ఇంకోటి దానికంటే 34 సెంటీమీటర్లు దూరం. సౌండ్ సెకనుకు 343 మీటర్లు పోతది కదా, అంటే రెండో మైకుకు ఒక మిల్లీసెకండు లేటుగ చేరుతది, రెండిటినీ సమానంగ కలిపినమంటే సెకనుకు 500 సార్లు ఊగే అల, అంటే 500 హెర్ట్జ్, ఆ మిల్లీసెకండుల సగమే ఊగుతది కాబట్టి అక్కడ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయి, మళ్ల 1500 దగ్గర, 2500 దగ్గర గదే కథ. డప్పు పీలగ అయితది. అప్పుడు ఈక్యూ, అంటే బేస్, ట్రెబుల్ పెంచి తగ్గించే బటన్లు, ఎంత తిప్పినా లాభం లేదు, లేచిపోయి మైకు జరపాలె. ఇంకోటి, సెగ చూపించిన డప్పు చల్లారేకొద్ది చర్మం సడలుతది, మోత దిగుతది, మొదటి టేకు ఆఖరి టేకు అతకవు, అందుకే మధ్యల మళ్ల కాపుకోనియ్యాలె. ఇది ఏ సిలబస్‌ల ఉందో నాకైతే కనపడలే.

ప్రైవేటు కోర్సుకు పోతే ఒక్కటే అడగండి, వారంల ఎన్ని గంటలు మా చేతికి మైకు ఇస్తరు అని. కంప్యూటర్ ల్యాబుల కూసోబెట్టి సాఫ్ట్‌వేర్ బటన్లు చూపిస్తమంటే లక్షలు పెట్టకండి, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ 60 రోజులు ఫ్రీగ వస్తది, ఇంట్లనే నేర్చుకోవచ్చు.

ఇగ రెండో తొవ్వ స్టుడియోల అసిస్టెంటుగ చేరుడు. వరంగల్‌ల, కరీంనగర్‌ల జానపదం పాటలకు ఎన్ని స్టుడియోలు లేచినయో మీకు తెలుసు, బతుకమ్మ ముందు, మేడారం జాతర ముందు రాత్రిపగలు నడుస్తయి, మనిషి అవసరం ఉంటది. మొదట్ల కేబుళ్లు చుట్టుడే, పైసలు అంతంతే. గానీ ఊరి నుంచి వచ్చిన అవ్వకు హెడ్‌ఫోన్ పెడితే ఆమె గొంతు ఆమెకే కొత్తగ వినపడి శ్రుతి తప్పుతది, ఒక చెవి మీదికెల్లి తీసి, అవ్వా ఇంట్ల పాడినట్టే పాడు అనాలె, అది అక్కడ ఉంటేనే వస్తది. కాకపోతే స్టుడియోలనే పెరిగినోళ్లకు ఎట్ల చెయ్యాలో తెలుస్తది, ఎందుకో తెల్వదు. గోడలకు కోడిగుడ్ల అట్టలు కొట్టి సౌండ్ బయటికి పోదనుకునేటోళ్లు ఇంకా ఉన్నరు. పోతది! నన్నడిగితే డిగ్రీ చేసుకుంటనే సెలవులల్ల స్టుడియోకు పోండి, డిగ్రీ అయినంక పుణె ఎంట్రెన్స్ రాయొచ్చు.

ఆఖరుగ చెవుల గురించి. 85 డెసిబెల్స్ అయితే ఎనిమిది గంటలు ఓర్చుకోవచ్చంటరు, మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్ల టైము సగం అయితది, లెక్కేస్తే 100 దగ్గర పావుగంటే. బరాత్‌ల డీజే బాక్సుల ముంగట్నే ఎగిరే తమ్ముళ్లు ఈ లైన్లకు రావాలనుకుంటే జర వెనుకకు పోయి ఎగురుండ్రి.

డప్పు అన్నలు వచ్చిన్రు, మైకులు పెడదాం, ఎవరన్న ఇద్దరు స్టేజి మీదికి రాండ్రి.