రెస్ట్ ఎంతో చెప్పండి, అప్పుడు టైం చెప్తా

నమస్తే అండీ. మొన్న ఒకాయన అడిగారు. "ఎనిమిది 400లు కొట్టాను, ఒక్కోటి 90 సెకన్లలో అయింది. నా 5కే ఎంతలో అవుతుంది?" అని. కాగితం మీద అయితే ఒక్క నిమిషం పని. 400 అంటే 400 మీటర్లు, ట్రాక్ మీద ఒక రౌండు. 5కే అంటే ఐదు కిలోమీటర్లు, పన్నెండున్నర రౌండ్లు, రౌండుకి 90 సెకన్లు, మొత్తం 18 నిమిషాల 45 సెకన్లు. ఆ జవాబు నమ్మి పరిగెడితే మూడో కిలోమీటరు దాటాక నన్ను తిట్టుకుంటారు. ఎందుకంటే అసలు సంగతి ఆయన చెప్పనే లేదు. రౌండుకీ రౌండుకీ మధ్య ఎంతసేపు ఆగారు? నిలబడ్డారా, నీళ్లు తాగుతూ నడిచారా, మెల్లగా జాగ్ చేశారా? ఇలా మధ్యమధ్యలో ఆగుతూ కొట్టే పరుగుల్నే ఇంటర్వెల్స్ అంటారు. రెస్ట్ చెప్పకుండా ఇంటర్వెల్ టైం చెప్పడమంటే అప్పు ఎంతో చెప్పి వడ్డీ చెప్పకపోవడమే.

ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూద్దాం. ఇద్దరూ ఎనిమిది 400లు, ఇద్దరివీ 90 సెకన్లే. ఒకతను ప్రతి రౌండు తర్వాత మూడు నిమిషాలు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. రెండో అతను ఒక్క నిమిషం జాగ్ చేసి మళ్లీ లైను దగ్గరికొచ్చాడు. రెండో అతను 5కే 19 నిమిషాల దగ్గర్లో ముగిస్తాడని నేను ధైర్యంగా చెప్తా. మొదటి అతను 20 దాటినా ఆశ్చర్యపోను.

తేడా ఎక్కడొస్తుందంటే, వేగంగా పరిగెత్తినప్పుడు కండరం ముందు తనలో దాచుకున్న క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే తక్షణ ఇంధనం వాడేస్తుంది. ఆగితే అది తిరిగి నిండుతుంది. మొదటి అర నిమిషం, నిమిషంలోనే చాలావరకు నిండి, మూడు నాలుగు నిమిషాలకి దాదాపు నిండుకుండ అయిపోతుంది. అంటే మూడు నిమిషాలు నిలబడ్డ మనిషి ప్రతి రౌండునీ కొత్త రౌండులాగే మొదలుపెడుతున్నాడు. రేసులో ఆ సౌకర్యం ఎవరిస్తారు? నిమిషం జాగ్ చేసినవాడికి ఊపిరి పూర్తిగా కుదురుకోకుండానే తర్వాతి రౌండు వచ్చేస్తుంది. రేసు అంటే అదే కదా.

రెస్ట్‌ని కొలిచి పెట్టాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1930ల్లో జర్మనీలో వోల్డెమార్ గెర్ష్‌లర్ అనే కోచ్ ఉండేవాడు. గుండె డాక్టరు రైన్‌డెల్‌తో కలిసి ఆయన పెట్టిన పద్ధతి ఏమిటంటే, పరుగులో గుండె నిమిషానికి 180 దాకా వెళ్లాలి, ఆగాక 90 సెకన్లలోపు 120కి దిగాలి. దిగలేదా, ఆ రోజుకి ఇక చాలు, ఇంటికెళ్లు. ఆయన శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్లు 1 నిమిషం 46.6 సెకన్లలో పరిగెత్తాడు. ఆ రికార్డు 1955 దాకా చెక్కుచెదరలేదు. ఇవాళ చేతికి వాచీ ఉన్న ఎవరైనా ఈ 120 లెక్క చూసుకోవచ్చు. అయితే అందరి గుండె ఒకేలా ఉండదు, అది అందుకోగల గరిష్ఠ వేగం వయసుతో తగ్గుతుంది, కాబట్టి 180 చూపించాల్సిందేనని పట్టుబట్టకండి.

ఇంటర్వెల్స్‌తో రేసు టైం పట్టుకున్న కథల్లో నాకు బాగా నచ్చింది రోజర్ బానిస్టర్‌ది. మైలు నాలుగు నిమిషాలలోపు పరిగెత్తాలి. అంటే 440 గజాల రౌండ్లు నాలుగు, ఒక్కోటి 60 సెకన్లు. మెడికల్ స్టూడెంటు, మధ్యాహ్నం భోజనం వేళలో ట్రైనింగు. ఆయన చేసింది పది 440లు, మధ్యలో రెండు నిమిషాల రెస్ట్. నెలల తరబడి రౌండు టైముని దించుకుంటూ వచ్చి 1954 వసంతంలో 61 సెకన్ల దగ్గర ఇరుక్కుపోయాడు. ఎంత తన్నుకున్నా దిగదు. అప్పుడు క్రిస్ బ్రాషర్‌తో కలిసి స్కాట్లాండ్ వెళ్లి కొండలెక్కి, పరుగు జోలికి పోకుండా వచ్చాడు. రాగానే పది రౌండ్లూ 59లో పడ్డాయి. మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో మైలు 3 నిమిషాల 59.4 సెకన్లు. ఇందులో గమనించండి, రెండు నిమిషాలు అన్నది ఆయన మార్చలేదు. రెస్ట్ కదలకుండా ఉండబట్టే 61కీ 59కీ మధ్య తేడాకి విలువ వచ్చింది. మనవాళ్లు ఏం చేస్తారు? టైం తగ్గడం కోసం నైసుగా రెస్ట్ ఇంకో అర నిమిషం సాగదీస్తారు, ఫామ్ వచ్చిందని సంబరపడతారు.

ఇప్పుడు మారథాన్ వాళ్ల ఇష్టదైవం, యాసో 800లు. అమెరికాలో బార్ట్ యాసో అనే రన్నర్ పేరు మీద 1990ల నుంచి తిరుగుతున్న సూత్రం. పది 800లు కొట్టండి, ఎంతసేపు పరిగెత్తారో అంతసేపు జాగ్ చేయండి. 800 నాలుగు నిమిషాల్లో వస్తే ఫుల్ మారథాన్ నాలుగు గంటలు. మూడున్నర నిమిషాలైతే మూడున్నర గంటలు. గుర్తుపెట్టుకోవడానికి ఇంతకంటే తేలికైంది లేదు, అందుకే బతికింది.

దీన్ని విప్పి చూస్తే, నిమిషాలు గంటలయ్యాయంటే 60 రెట్లు. 800 మీటర్లని 60తో గుణిస్తే 48 కిలోమీటర్లు. మారథాన్ 42.195. అంటే ఇంటర్వెల్‌లో మీ వేగంలో 88 శాతం మారథాన్ మొత్తం నిలబెడతారని ఈ సూత్రం ముందే అనేసుకుంటోంది. నాలుగు నిమిషాలవాడు ట్రాక్ మీద కిలోమీటరు 5 నిమిషాల్లో పోతున్నాడు, రేసులో 5 నిమిషాల 41 సెకన్లలో పోవాలి. వారానికి మంచి మైలేజీ (అంటే మొత్తం పరిగెత్తే దూరం), 30 కిలోమీటర్ల లాంగ్ రన్‌లు ఉన్నవాళ్లకి ఇది దగ్గరగానే వస్తుంది. వారానికి మూడు రోజులు పరిగెత్తి, ట్రాక్ మీద మెరుపులు మెరిపించేవాళ్లకి రాదు. పైగా ఆ వర్కౌట్‌లో 40 నిమిషాలు పరుగు, దాదాపు 40 నిమిషాలు జాగ్. ముప్పై కిలోమీటర్లు దాటాక ఒంట్లో దాచుకున్న చక్కెర నిల్వ, గ్లైకోజెన్, అడుగంటితే ఏమవుతుందో అది ఎలా చెప్పగలదు? చాలామంది కోచ్‌లు ఐదు నిమిషాలు కలుపుకోమంటారు. హైదరాబాద్ మారథాన్ అయితే నేను ఇంకా కలుపుతా. ఆగస్టు ఉక్క, నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా ఫ్లైఓవర్ మీద ఫ్లైఓవర్. ఫ్లాట్ ట్రాక్ మీద లెక్క అక్కడ అప్పజెప్తే కుదరదు.

మారథాన్‌కి నేను రీగల్ సూత్రాన్ని, అంటే ఒక రేసు టైం నుంచి ఇంకో దూరం టైం అంచనా వేసే లెక్కని, ఎక్కువ నమ్ముతా. దానికి ఇంటర్వెల్ కాదు, ఇటీవలి రేసు కావాలి. దూరం ఎన్ని రెట్లు పెరిగిందో దాన్ని 1.06 ఘాతానికి పెంచి పాత టైంతో గుణించాలి. 10కే 50 నిమిషాలైతే హాఫ్ మారథాన్ 1 గంట 50 నిమిషాలు, ఫుల్ 3 గంటల 50 నిమిషాల దగ్గర వస్తుంది. ఇదీ మైలేజీ ఉన్నవాళ్లకే.

5కే, 10కే వాళ్లకి మాత్రం ఇంటర్వెల్సే మంచి సాక్షి. ఐదు 1000లు, మధ్యలో 90 సెకన్లకి మించని జాగ్. చివరిది మొదటిదానికంటే నెమ్మదిగా పడకూడదు. ఆ యావరేజీ మీ 5కే పేస్‌కి, అంటే రేసులో కిలోమీటరుకి పట్టే టైముకి, చాలా దగ్గర. ఐదోది పది సెకన్లు జారిందంటే ఆ యావరేజీని పక్కన పడేయండి.

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అయ్యే తమ్ముళ్లూ, మీకోసం. తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు. కొత్త నోటిఫికేషన్ వస్తే అందులో ఎంతుందో చూసుకోండి. ఆ టైముకి రౌండు 1 నిమిషం 48 సెకన్ల పైచిలుకు. నాలుగు రౌండ్లు 1:45లో కొట్టి, మధ్యలో నాలుగేసి నిమిషాలు కూర్చుంటే అది పరీక్ష కాదు. ఆరు 400లు 1:45లో, మధ్యలో ఒక్క నిమిషం నడక. ఆరోది కూడా 1:45లో పడితే మీరు గట్టెక్కినట్టే అని నా లెక్క. ఇంకొక్కటి, గుంపులో భయపడి బయటి లైన్లో పరిగెత్తకండి. రెండో లేన్‌లో ఒక రౌండుకి ఏడున్నర మీటర్లు ఎక్కువ. నాలుగు రౌండ్లకి 30 మీటర్లు, మీ వేగానికి ఎనిమిది సెకన్లు. మొదటి వంద మీటర్లలో లోపలికి సర్దుకోండి, ఓవర్‌టేక్ చేయాలంటే స్ట్రెయిట్‌లో చేయండి, మలుపులో వద్దు.