శివారు తూము దాకా జీవో

అందరికీ నమస్కారమండీ. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లకి పథకాల గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. పథకాల రూల్సన్నీ మీ ఫోన్లలోనే ఉన్నాయి, నాకంటే మీకే బాగా తెలుసు. నేను రెవెన్యూలో చేసి రిటైరయినవాణ్ణి కాబట్టి, రూలు ఊళ్లోకొచ్చాక దాని గతి ఏమవుతుందో చెప్తాను.

జీవో అమరావతిలో తయారవుతుంది, కానీ అది ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అనేది తేలేది మీ చేతుల్లోనే. అమెరికాలో మైకేల్ లిప్‌స్కీ అనే రాజనీతి శాస్త్రవేత్త 1980లో ఇదే రాశాడు: కింది ఉద్యోగి రోజూ తీసుకునే నిర్ణయాలు, పని ఒత్తిడి తట్టుకోడానికి అలవాటు చేసుకున్న పద్ధతులు, చివరికి అవే ప్రభుత్వ విధానం అయి కూర్చుంటాయని. మన కాలవల మీద తూములు చూసుకునే ఏ లస్కర్ని అడిగినా ఇంతకంటే బాగా చెప్తాడు.

ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. నీళ్లు పంచడం మాత్రం ఇప్పటికీ ప్రతి దాళ్వాకీ, అంటే రెండో పంటకీ, కొత్త పనే. గోదావరిలో ఇన్‌ఫ్లో పడిపోయి పైన సీలేరు నుంచి వదిలే నీళ్లే దిక్కయినప్పుడు వంతులు పెడతారు. కాగితం మీద వంతు చాలా శుభ్రంగా ఉంటుంది, ఫలానా రోజులు ఎగువకి, ఫలానా రోజులు శివారుకి, అంటే కాలవ చివరి పొలాలకి అని. రాత్రి పదింటికి ఎగువ రైతు ఛానెల్‌కి అడ్డంగా రెండు తాటిదుంగలు, నాలుగు మట్టిబస్తాలు పడేస్తే శివారుకి చుక్క రాదు. అప్పుడు లస్కర్ దగ్గరున్నదేంటి? ఓ టార్చిలైటు, ఓ సైకిలు, తూము తలుపు తిప్పే హేండిలు. పై ఆఫీసుకి రిపోర్టు రాయొచ్చు, రాస్తే రేపట్నుంచి ఆ గట్టు మీద తిరగలేడు. అందుకని పని తెలిసిన లస్కర్ సాయంత్రమే ఎగువూళ్లో పెద్దరైతు ఇంటికెళ్లి, "అయ్యగారూ, మీ చేను ఇంకా పిలకల మీదే ఉందండి, కిందోళ్లది పొట్ట మీదుంది, ఈ రెండు రాత్రులూ వదిలేయండి, మీ వంతు రోజున నేనే వచ్చి తలుపెత్తుతానండి" అని మాట తీసుకుంటాడు. ఏ చేను ఏ దశలో ఉందో, ఎవరి మాట ఎవరు వింటారో, ఎక్కడ గుర్రపుడెక్క అడ్డం పడి నీరు తన్నేస్తుందో ఆ మనిషికి తెలుసు. ఏ రిజిస్టరులోనూ ఈ సర్దుబాటు ఉండదు, అతను రిటైరైతే అదీ అతనితోనే పోతుంది. ఆ పోస్టు ఖాళీగా వదిలేసి, ఇద్దరు ముగ్గురు చేసే పని ఒక్క అవుట్‌సోర్సింగ్ కుర్రాడికి అప్పజెప్పి, శివారు ఎండిందని రివ్యూలో ఆ కుర్రాణ్ణే తిడతాం. (నేనూ ఆ రివ్యూల్లో కూర్చున్నవాణ్ణే లెండి.)

ఇప్పుడు మీ పని. కౌలు రైతు కార్డు తీసుకోండి. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కార్డు పదకొండు నెలలు చెల్లుతుంది, భూమి మీద హక్కేమీ రాదు, పంట వరకే. కానీ దానికి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. మన డెల్టాలో చేలో దిగే చాలామంది కౌలువాళ్లే. యజమాని హైదరాబాదులోనో, ఊళ్లోనే అరుగు మీదో ఉంటాడు, "సంతకం పెడితే రేపు పొలం నాదంటాడు" అని భయం, పంట రుణం తను తెచ్చుకోవడం కుదరదని ఇంకో లెక్క. కార్డు లేకపోతే ఈ-పంటలో, అంటే ఎవరు ఏం పండించారో రాసే ఆన్‌లైన్ లెక్కలో, పేరు ఎక్కడం కష్టం, పేరు లేకపోతే ధాన్యం డబ్బులు పండించినవాడి ఖాతాలో పడవు. "యజమాని సంతకం లేదు, రిజెక్ట్" అని కొట్టెయ్యడం రూలు ప్రకారం తప్పు కాదు. అయినా కొందరు అగ్రికల్చర్ అసిస్టెంట్లు ఫారం పట్టుకుని యజమాని ఇంటికెళ్లి, "బాబాయ్ గారూ, ఇదిగో ఇక్కడ చదవండి, పదకొండు నెలలే, హక్కు పంట వరకే" అని వేలుపెట్టి చూపిస్తారు. ఆయన "ఆయ్, సరేలే, ఆ పెన్నిలా ఇవ్వు" అనేదాకా కూర్చుంటారు. చట్టం అమలైందంటే ఆ అరుగు మీదే.

ధాన్యం కొనుగోలు కేంద్రంలోనూ ఇదే తంతు. ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. కేంద్రంలో మిషన్ 17 చూపిస్తుంది, మిల్లు దగ్గర మిషన్ 19 చూపిస్తుంది, లారీ గేటు బయటే నిలబడి ఉంటుంది, పైన మబ్బు. అప్పుడు మీరు ఫోన్ ఎత్తి మిల్లరుతో మాట్లాడతారా, స్విచ్చాఫ్ చేసుకుంటారా అనేది ఏ జీవోలోనూ లేదు.

అలాగని చేతిలో ఉన్న ఈ వెసులుబాటుని నేను మరీ నెత్తిన పెట్టుకోను. పాతకాలం గ్రామాధికారులు, కరణాలు, మునసబుల చేతిలో ఇంతకు పదిరెట్లుండేది. కలం ఎటు వంగితే భూమి అటు వెళ్లేది, వంశపారంపర్యంగా. 1984లో ఆ పదవులు రద్దు చేసింది అందుకే కదా. నీళ్లు అమ్ముకునే లస్కరూ ఉన్నాడు, మనవాడైతేనే అరుగు దాకా వెళ్లే అసిస్టెంటూ ఉన్నాడు. ఎవరికోసం వెళ్లారో, ఎవరికోసం వెళ్లలేదో మీరే ఓ నోట్‌బుక్కులో రాసుకుంటే, మూణ్ణెల్ల తర్వాత చదువుకుంటే మీకే తెలుస్తుంది.

2019 అక్టోబర్ 2న కాకినాడ దగ్గర మన కరపలోనే గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. అప్పట్నుంచి ఊరికి ఇంతమంది ఉద్యోగులొచ్చారు, మంచిదే. వాళ్లతోపాటు పని ఎంత శాతం అయిందో చూపించే డాష్‌బోర్డూ వచ్చింది. ఒకటో తారీఖు పింఛన్ల శాతం పొద్దున్నించే మోగుతుంటుంది, టెన్షన్ మామూలుగా ఉండదు. జన్మంతా నాట్లేసిన ముసలమ్మకి వేలిముద్ర పడదు, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టించి, ఐరిస్ పెట్టించి, సిగ్నల్ కోసం ఆవిణ్ణి వీధి చివరికి నడిపించేలోపు పక్క వీధిలో పది మందికి ఇచ్చెయ్యొచ్చు. శాతం మాత్రమే అడిగితే ఉద్యోగి ముందు ఆ పక్క వీధికే వెళ్తాడు, లంకలో ఉన్నవాళ్ల వంతు ఆఖర్న వస్తుంది. అతన్ని తప్పు పట్టలేను. పై అధికారులకి చెప్పేదేంటంటే, శాతంతోపాటు "ఈ నెల రూలు ఎక్కడ సరిపోలేదు" అని కూడా అడగండి, చెప్పినవాణ్ణి మాత్రం తిట్టకండి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరి ఊరి కౌలు కార్డుల లిస్టు, ఈ-పంట లిస్టు వాళ్లు తెచ్చుకోండి. రెండూ పక్కపక్కన పెట్టి, చేలో దిగినవాడి పేరు దేన్లో లేదో ఊరూరికీ చూద్దాం.