వయసు కాదండీ, గట్టు చూడండి

నమస్తే అండి. మొన్న ఓ వార్డు బయట విన్నాను, "డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ఇంకేం తట్టుకుంటాడులే" అని. ఈ మాట వింటే నాకు చిర్రెత్తుకొస్తుంది.

ఆయనకొచ్చింది ఎండోకార్డైటిస్, అంటే గుండె వాల్వులకు క్రిములు పట్టడం. మామూలుగా 4 నుంచి 6 వారాలు నరంలోకి యాంటీబయాటిక్, కొందరికి వాల్వు ఆపరేషన్. ఎవరికైనా గట్టి జబ్బే.

మన ఏటిగట్టు గుర్తు తెచ్చుకోండి. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులకి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, వరద గట్టు పొడుగునా ఒక్కటే, కానీ గండి పడేది ఎలుక బొరియలున్న చోట. ఆ గట్టు ఏ సంవత్సరంలో వేశారో గోదారి అడగదు కదా!

మా వీధిలో ఓ తాతగారు, 80 దాటాయి, సైకిల్ మీద తోటకెళ్లి కొబ్బరి దింపు దగ్గరుండి కాయ లెక్క చూసుకుని వస్తారు. ఎదురింటి పిన్నిగారికి 63. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాలి, గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. ఇద్దరికీ ఇదే ఇన్ఫెక్షన్ వస్తే నా భయమంతా పిన్నిగారి గురించే.

ఈ డొల్లతనాన్నే డాక్టర్లు ఫ్రెయిల్టీ అంటారు. 2001లో అమెరికా డాక్టర్ లిండా ఫ్రీడ్ బృందం దీనికో కొలత పెట్టింది: ఊరికే బరువు తగ్గడం, ఎప్పుడూ అలసట, పిడికిలి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, తిరగడం తగ్గిపోవడం, ఈ అయిదింట్లో 3 ఉంటే ఉన్నట్టే. ఇంకా తేలిగ్గా చూడాలంటే, 4 మీటర్లు నడవడానికి 5 సెకన్లు దాటుతోందా అని చూస్తారు.

ఇలాంటివాళ్లలో మరణాలు ఎక్కువ. మందులకి కిడ్నీలు దెబ్బతినొచ్చు, రాత్రిళ్లు మనుషుల్ని గుర్తుపట్టక కలవరించొచ్చు, వారాల తరబడి మంచం మీదుంటే ఉన్న కండా కరుగుతుంది. ఒక్కోసారి జ్వరం కూడా సరిగా కనపడదు, అన్నం మానేశారంతే అనుకుంటాం.

మరి ఆపరేషన్? గండి పూడ్చడానికి ఇసుక బస్తాల లారీ వస్తుంది, ఆ లారీ బరువుకే గట్టు కుంగితే? అందుకే వీళ్లని ఆపరేషన్‌కి తక్కువగా తీసుకుంటారు. అలాగని వయసు చూసి వద్దనేయడం మాత్రం నాకు అస్సలు నచ్చదు.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. డాక్టర్ సరేనంటే రోజూ కూర్చోబెట్టండి, నాలుగడుగులు వేయించండి, గుడ్డో పప్పో పెట్టండి. జబ్బే మనిషిని పడగొడుతుంది కాబట్టి ఆ రోజు చూసి గట్టు ఇంతే అనుకోకూడదు, వరదకి ముందు ఎలా ఉందో కావాలి. రెండు వారాల కిందట సొంతంగా స్నానం చేసేవారా, బజారుకెళ్లేవారా, అడ్మిషన్ రోజునే డాక్టర్‌కి చెప్పండి. వయసు ఎలాగూ కేస్ షీట్ మీద ఉంటుంది.