పొట్టేలును ఎంచే ముందు దాని తల్లిని చూడండి

కాపరి అన్నలకు, అక్కలకు నమస్కారం.

నెల్లూరు గొర్రెల్లో మీరు జోడిపి రకం పెంచినా, పల్ల పెంచినా, డోర పెంచినా పొట్టేలును ఎంచే తీరు ఒకటే. మూడు నెలలకు ఏ పిల్ల బరువుంటే దాన్ని విత్తనానికి ఉంచుతారు. ఆ బరువులో పిల్ల గొప్ప ఎంత, తల్లి గొప్ప ఎంత?

1938లో కేంబ్రిడ్జ్‌లో వాల్టన్, హామండ్ అనే శాస్త్రవేత్తలు భారీ షైర్ గుర్రాలనూ పొట్టి షెట్‌లాండ్ గుర్రాలనూ అటూ ఇటూ కలిపారు. ఎటు చూసినా పిల్లలకు రెండు జాతుల రక్తం సగం సగమే. అయినా షైర్ తల్లికి పుట్టిన పిల్ల, షెట్‌లాండ్ తల్లికి పుట్టినదానికి పుట్టినప్పుడే దాదాపు మూడింతలు తూగింది. అంటే ఆ తేడా తల్లి కడుపుదే.

గొర్రెకు చూడి కాలం ఐదు నెలలు. కడుపులో పిల్ల బరువు మూడింట రెండు వంతులు చివరి ఆరు వారాల్లోనే పెరుగుతుంది. ఆ వారాల్లో బీడు ఎండిపోతే ఎంత మంచి పొట్టేలుకు పుట్టినా పిల్ల చిన్నదే. అప్పుడు తల్లికి రోజూ పావుకిలో దాణా పెట్టండి, దండగ కాదు.

ఈనగానే ముర్రుపాలు. తల్లిలోని రోగనిరోధక శక్తి కడుపులో ఉండగా పిల్లకు చేరదు, ఈ పాలతోనే అందాలి. ఒక రోజు దాటితే పిల్ల పేగు దాన్ని పీల్చుకోలేదు. పొదుగు తుడిచి, మొదటి ధార నేల మీదికి పిండి, చనుమొన పిల్ల నోటికి అందించండి. తోక టపటపా ఆడిస్తోందంటే పాలు దిగుతున్నట్టే.

మూడు నెలలకు, మూడో ఈత తల్లికి ఒంటిగా పుట్టిన పిల్ల 15 కిలోలు, తొలి ఈత తల్లికి కవలగా పుట్టినది 12 కిలోలు ఉందనుకోండి. మొదటిదే మేలని ఎలా అంటాం? దానికి పాలు ఎక్కువ, పంచుకునే తోడు లేదు. పాలు మానాక తల్లి ప్రభావం తగ్గుతూ వస్తుంది. ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య పిల్ల సొంత సత్తా తెలుస్తుంది.

నాకు బాధ కలిగించేది ఇక్కడే. ఆ వయసు వచ్చేసరికి బాగా ఎదిగినవన్నీ మాంసానికి వెళ్లిపోతాయి, ఎవరూ కొననివి మందలో మిగిలి ఆడగొర్రెలకు కడతాయి. బేరగాడు ఎంత ఆశపెట్టినా రెండు మూడు మంచి పిల్లలను అమ్మకండి. వాటిలోనూ పాలున్న తల్లి కొడుకునే ఉంచండి. పొట్టేలు పాలివ్వకపోయినా, తల్లి పాలగుణం దాని ద్వారా కూతుళ్లకు దిగుతుంది.

ఈనిన తేదీ, ఒంటా కవలలా, ఎన్నో ఈత, పుట్టినప్పుడూ మూడు నెలలకూ ఆరు నెలలకూ బరువు ఒక పుస్తకంలో రాయండి. దొడ్డిలో ఈనే గొర్రెను కనిపెట్టుకుని ఉండేది ఎక్కువగా అక్కలే కాబట్టి, ఆ పుస్తకం వాళ్ల చేతిలో ఉంటేనే సరిగ్గా నిండుతుంది.