నబీల్ మాలూల్: కేప్ వెర్డె ఓటమి నుంచి సరాన్స్క్ గెలుపు దాకా

యాంకర్: నమస్కారం. ఈ రోజు మన చర్చ ట్యునీషియా ఫుట్‌బాల్ జట్టు మాజీ మిడ్‌ఫీల్డర్, ఆ తర్వాత ఆ దేశానికే కోచ్ అయిన నబీల్ మాలూల్ గురించి. సర్, మీరూ మిడ్‌ఫీల్డ్‌లో ఆడి కోచ్ అయినవారే. మీతోనే మొదలుపెడదాం.

కోచ్: నమస్కారమండి. మాలూల్ 1962లో ట్యునిస్‌లో పుట్టారు. ఎస్పెరాన్స్ క్లబ్‌లో ఎదిగి, 1988 సియోల్ ఒలింపిక్స్ ఆడి, జర్మనీలో హనోవర్‌కు వెళ్లారు. నాకు ఆయన నచ్చేది ఒక్క విషయంలో. ఆటగాడిగా బంతి తన కాలి దగ్గర ఉండాలనుకున్నారు, కోచ్ అయ్యాక తన జట్టు దగ్గర ఉండాలనుకున్నారు.

విలేకరి: దానికే కదా సర్ ఆయన్ని తిట్టింది కూడా!

కోచ్: తిట్టారు మేడమ్, ఆ సంగతికీ వస్తాను. ముందు 2011 చూడండి. అంతకు ముందు ఏడాది ఆఫ్రికా చాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఎస్పెరాన్స్ రెండు మ్యాచ్‌లలో తొలిదాంట్లోనే కాంగో క్లబ్ మజెంబె చేతిలో 5-0తో ఓడింది. 2011 జనవరిలో దేశంలో విప్లవం, లీగ్ ఆగిపోయింది. అలాంటి ఏడాదిలో ఎస్పెరాన్స్ కోచ్‌గా మాలూల్ లీగ్, కప్, ఆఫ్రికా చాంపియన్స్ లీగ్ మూడూ గెలిపించారు. ఫైనల్లో కాసాబ్లాంకా వెళ్లి మొరాకో క్లబ్ విదాద్‌తో 0-0, సొంతగడ్డ రాదెస్‌లో 1-0. గోల్ కొట్టింది హారిసన్ అఫుల్. ఎస్పెరాన్స్‌కు 1994 తర్వాత మళ్లీ ఆ కప్పు అదే.

యాంకర్: మరి 2013లో ట్యునీషియా జట్టు కోచ్‌గా?

విలేకరి: అది నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. సెప్టెంబర్‌లో రాదెస్‌లో కేప్ వెర్డెతో మ్యాచ్. ఓడకపోతే చాలు, ప్రపంచకప్ ప్లేఆఫ్‌కు వెళ్తారు. 0-2తో ఓడారు. మాలూల్ రాజీనామా చేశారు. కొద్ది రోజులకే, సస్పెన్షన్‌లో ఉన్న ఆటగాణ్ని కేప్ వెర్డె ఆడించిందని తేలింది. ఫిఫా ట్యునీషియాను 3-0తో గెలిచినట్టు ప్రకటించింది. జట్టు ప్లేఆఫ్‌కు వెళ్లింది, కానీ కోచ్ అక్కడ లేరు. కొత్త కోచ్‌తో కామెరూన్ చేతిలో 4-1తో ఓడి ఇంటికొచ్చారు.

కోచ్: నేనైతే ఆ రాజీనామాను తప్పుపట్టను. సొంతగడ్డ మీద అలా ఓడాక కుర్చీ పట్టుకుని ఉండకపోవడం మర్యాద.

విలేకరి: మర్యాదే సర్. కానీ ఆ ఓటమి నుంచి ఆయన ఏం నేర్చుకున్నారు? మళ్లీ కోచ్‌గా వచ్చాక 2018 ప్రపంచకప్‌లోనూ రక్షణ బలహీనంగానే ఉంది కదా. బెల్జియంతో 5-2!

కోచ్: ఆ మ్యాచ్ నేను రెండుసార్లు చూశాను మేడమ్. మొదటి సగంలోనే ఇద్దరు డిఫెండర్లు, బ్రాన్, బెన్ యూసెఫ్, గాయాలతో బయటికి వెళ్లారు. ప్రధాన గోల్‌కీపర్ హస్సెన్ ఇంగ్లండ్ మ్యాచ్‌లోనే పదిహేను నిమిషాలకు భుజం పట్టుకుని వెళ్లిపోయాడు. మూడు మ్యాచ్‌లు మొదలుపెట్టింది ముగ్గురు గోల్‌కీపర్లు! ఇక టోర్నీకి ముందే మోకాలి గాయంతో మ్సక్ని దూరమయ్యాడు, జట్టులో అందరికన్నా నైపుణ్యం ఉన్నవాడు. అయినా వెనక్కి తగ్గి దాక్కోలేదు, ఆడారు.

యాంకర్: ఇఫ్తార్ సంగతి చెప్పండి మేడమ్.

విలేకరి: ఆ, అది చెప్పాల్సిందే. రంజాన్ నెలలో సన్నాహక మ్యాచ్‌లు. పోర్చుగల్, టర్కీ, రెండిటితోనూ 2-2. సూర్యాస్తమయం వేళకి హస్సెన్ గాయమైనట్టు పడుకునేవాడు. ఆ కాసేపట్లో ఉపవాసం ఉన్న సహచరులు పక్కకొచ్చి ఖర్జూరాలు తిని, నీళ్లు తాగేవారు. పోర్చుగల్ మీద 2-1తో వెనకబడి ఉండగా అలా ఆగారు, కొద్ది నిమిషాల్లోనే గోల్ కొట్టి సమం చేశారు. దాహంతో పరుగెత్తే కుర్రాళ్ల కష్టం చూస్తే నాకు కళ్లు చెమర్చాయి.

కోచ్: ఇంగ్లండ్‌తో 1-2. హ్యారీ కేన్ రెండో గోల్ 91వ నిమిషంలో! ఆ ఒక్క నిమిషం నిలబడి ఉంటే కథే వేరు. ఆ తర్వాత రష్యా నగరం సరాన్స్క్‌లో పనామాపై 2-1, అదీ సొంత గోల్‌తో ముందు వెనకబడి. ప్రపంచకప్‌లో ట్యునీషియాకు 1978లో మెక్సికోపై గెలుపు తర్వాత, నలభై ఏళ్లకు వచ్చిన మొదటి గెలుపు.

యాంకర్: ఆ వెంటనే ఆయన ఖతార్‌లోని అల్ దుహైల్‌కు వెళ్లిపోయారు.

విలేకరి: అదే నాకు మింగుడుపడదు. బ్రాన్, స్ఖిరి, హస్సెన్‌లను ఆ మార్చిలోనే జట్టులోకి తెచ్చింది ఆయనే. ముగ్గురూ ఫ్రాన్స్‌లో పుట్టిపెరిగినవాళ్లు. వాళ్లను ఇంకో రెండేళ్లు తన చేతుల్లో ఉంచుకోవాల్సింది.

కోచ్: ఇందులో మీతో నేనూ ఏకీభవిస్తాను. 2019లో వేరే కోచ్ కింద ఆ ముగ్గురితో ట్యునీషియా ఆఫ్రికా కప్ సెమీఫైనల్ దాకా వెళ్లింది. అక్కడ అదనపు సమయంలో సెనెగల్‌తో 1-0తో ఓడింది.