గీత పడితే సవాయి ఉన్నట్టేనా?

అందరికీ నమస్కారం. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, ల్యాబ్ టెక్నీషియన్లు ఇంత ఎండలో ఇంతమంది వచ్చారు కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వచ్చేస్తాను. మీరు రోజూ వాడే సిఫిలిస్ (మన పాత మాటలో సవాయి) ర్యాపిడ్ కిట్ ఎంతవరకు నిజం చెబుతుంది, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది అన్నదే ఈరోజు మాట.

కొన్నేళ్ల కిందట గోదావరి ఏజెన్సీ నుంచి ఒక పెద్దమ్మ, యాభై దాటి ఉంటాయి, గర్భసంచి ఆపరేషన్ కోసం ఒక ఆస్పత్రికి వెళ్లింది. ముందుగా చేసే రక్తపరీక్షల్లో సిఫిలిస్ కార్డు మీద రెండు గీతలు పడ్డాయి. కొడుకు, కోడలు పక్కనుండగానే, వార్డంతా వినేలా "నీకు సుఖవ్యాధి ఉంది" అని చెప్పేశారట. నా దగ్గరికి వచ్చేసరికి ఆమె మాట్లాడటమే మానేసింది, అడిగినదానికల్లా కోడలే జవాబు చెబుతోంది. మోకాలి కింద ముడతలు పడ్డ పాత మచ్చ కనిపించి ఇదేంటమ్మా అంటే అప్పుడు నోరు తెరిచింది. చిన్నప్పుడు ఒళ్లంతా పుళ్లు లేచాయట, వాళ్ల అక్కకీ తమ్ముడికీ కూడా లేచాయట, ఊళ్లోకి వచ్చిన డాక్టర్లు అందరికీ సూదులు వేస్తే మానిపోయాయట.

అది యాస్. మన వైపు కోయ రోగం అనేవాళ్లు. ఒక రోగానికి ఒక జాతి పేరు తగిలించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇది పిల్లల్లో చర్మానికి చర్మం తగిలి అంటుకునే జబ్బు, సుఖవ్యాధి కానే కాదు. కానీ ఈ క్రిమి సిఫిలిస్ క్రిమికి తోబుట్టువు, రెండింటికీ ఇంటిపేరు ట్రెపొనీమా. మన స్ట్రిప్ ఆ రెండింటినీ విడదీసి చెప్పలేదు, ల్యాబ్‌లో చేసే ఇంకో రక్తపరీక్ష ఆర్‌పీఆర్ కూడా చెప్పలేదు. 1996లో ఒడిశాలోని కోరాపుట్‌లో యాస్ నిర్మూలనకి మొదలుపెట్టిన కార్యక్రమం ఫలించి 2003 తర్వాత మన దేశంలో కొత్త యాస్ కేసు రాలేదు, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ కూడా ఇచ్చింది. రోగం పోయింది కానీ దాని యాంటీబాడీలు పెద్దవాళ్ల రక్తంలో ఇంకా ఉండే ఉంటాయి. ఆ పెద్దమ్మకి ఆర్‌పీఆర్ చేస్తే నాన్ రియాక్టివ్, అంటే నెగెటివ్, వచ్చింది.

స్ట్రిప్ పట్టుకునేది క్రిమిని కాదు, క్రిమి మీద ఒంట్లో పుట్టిన యాంటీబాడీలను. అవి మందు వాడి జబ్బు నయమైనా చాలామందిలో జీవితాంతం పోవు. కాబట్టి గీత పడిందంటే "ఈ ఒంట్లోకి ఆ క్రిమి ఎప్పుడో వచ్చింది" అని, ఇప్పుడు ఉందని కాదు. ఇప్పుడు ఉందా లేదా అన్న సంగతికి ఆర్‌పీఆర్ కావాలి, టైటర్, అంటే రక్తాన్ని ఎంత పలుచన చేసేదాకా రియాక్టివ్ వస్తోందన్న లెక్క, కావాలి. 1:32 ఉన్నది మందు తర్వాత 1:8కి దిగితే మందు పనిచేసినట్టు. ఆర్‌పీఆర్‌కి దాని తంటాలు దానికున్నాయి, మలేరియా, కుష్టు, లూపస్ ఉన్నవాళ్లలో ఊరికే రియాక్టివ్ రావచ్చు. అందుకే రెండూ కలిపి చూడాలి.

"సార్, డబ్బా మీద 99 శాతం కచ్చితం అని ఉంది కదా" అని అడుగుతారు. ఒక లెక్క వేద్దాం. పదివేల మంది గర్భిణులున్నారు, వాళ్లలో నిజంగా సిఫిలిస్ ఉన్నది పదిమందికే అనుకుందాం. కిట్ ఆ పదిలో తొమ్మిదింటిని పట్టుకుంటుంది, లేనివాళ్లలో నూటికి ఒకరికి పొరపాటున గీత వేస్తుంది అనుకుందాం. అప్పుడు తొమ్మిది నిజం గీతల పక్కన దాదాపు వంద ఉత్తి గీతలు ఉంటాయి. అదే కిట్‌ని జబ్బు ఎక్కువగా ఉన్నచోట వాడితే గీతల్లో చాలావరకు నిజమే అవుతాయి. కిట్ మారలేదు, మనుషులు మారారు.

అలాగని గర్భిణికి గీత పడితే ఆర్‌పీఆర్ వచ్చేదాకా కూర్చోవద్దు. ఇక్కడ మాత్రం నేను గట్టిగా చెబుతున్నాను. అలర్జీ సంగతి అడిగి, ఎమర్జెన్సీ మందులు పక్కన పెట్టుకుని, బెంజతీన్ పెనిసిలిన్ 24 లక్షల యూనిట్లు మొదటి డోసు ఆరోజే డాక్టర్‌తో వేయించండి, ఆర్‌పీఆర్‌కి రక్తం కూడా ఆరోజే తీయండి. కాన్పుకి కనీసం 30 రోజుల ముందు మందు పడితేనే బిడ్డకి సరైన రక్షణ అందినట్టు. అనవసరంగా ఒక సూది పడితే నొప్పి రెండు రోజులు, పడాల్సిన సూది పడకపోతే బిడ్డ కడుపులోనే పోవచ్చు. సూది వేయడం వేరు, రోగం ఉందని ముద్ర వేయడం వేరు.

హెచ్ఐవీ, సిఫిలిస్ రెండూ ఒకే చుక్కతో చూసే డ్యూయల్ కిట్లు గర్భిణులకి మొదటి పరీక్షగా బాగా పనికొస్తాయి. కానీ ఇప్పటికే హెచ్ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడుతున్నామెకి గానీ, ఇదే కాన్పులో సిఫిలిస్‌కి మందు వేయించుకున్నామెకి గానీ మళ్లీ అదే కిట్ పెట్టకండి, ఆ గీత కొత్త సంగతేమీ చెప్పదు.

గీత పడకపోయినా నిశ్చింతగా ఉండలేం. పుండు లేచిన మొదటి రోజుల్లో యాంటీబాడీలు ఇంకా తయారై ఉండవు. నొప్పిలేని పుండు కళ్లెదుట ఉంటే, కార్డు నెగెటివ్ అన్నా సుఖవ్యాధులకి వైద్యం చేసే సురక్ష క్లినిక్‌కి పంపండి.

ఇక మన చేతుల్లో ఉన్నవి. చాలా కిట్లు 30 డిగ్రీలు దాటని చోట ఉండాలి, రెంటచింతల ఎండల్లో కరెంటు పోయిన సబ్ సెంటర్‌లో కిటికీ పక్కన పెట్టిన డబ్బాని తలచుకుంటేనే నాకు టెన్షన్. రేకు కవరు చించాక వెంటనే వాడాలి, గాలి తేమ తగిలితే స్ట్రిప్ పాడవుతుంది. వేలి మొదటి చుక్క తుడిచేసి రెండోది తీసుకోండి. టైమ్ గోడ గడియారం చూసి కార్డు మీదే రాయండి. కిట్ కాగితం 15 నుంచి 20 నిమిషాలు అంటే ఆ మధ్యలోనే చదవాలి, భోజనం చేసొచ్చి చదివింది లెక్కలోకి రాదు. సీ (కంట్రోల్) గీత, అంటే కార్డు పనిచేసిందని చెప్పే గీత, రాకపోతే ఆ కార్డు పారేసి ఇంకోటి చేయండి. టీ (టెస్ట్) దగ్గర గీత ఎంత లేతగా ఉన్నా రియాక్టివే.

రిపోర్టులో "సిఫిలిస్ పాజిటివ్" అని రాయకండి. "ట్రెపొనీమా యాంటీబాడీలు రియాక్టివ్, ఆర్‌పీఆర్ చేయించాలి" అని రాయండి, తలుపు వేసి, ఆ మనిషికి ఒక్కరికే చెప్పండి.

ఈ బల్ల మీద ఆరు కార్డుల ఫొటోలు పెట్టాను, రెండింటిలో గీత చాలా లేతగా ఉంది. ఒక్కొక్కరే వచ్చి చూసి, పక్కవాళ్లని అడక్కుండా మీరు చదివింది కాగితం మీద రాసి ఇవ్వండి. తర్వాత అందరివీ కలిపి చూద్దాం.