ఆ ఒక్క ప్రశ్న కూడా అడగండి

అందరికీ నమస్కారం. నిర్వాహకులకు, సైన్సు, చరిత్ర కార్యక్రమాలు తీసే మిత్రులకు వందనాలు. నాకిచ్చిన అంశం ‘రాబోయే పదేళ్లలో మన టెలివిజన్’. దాని దగ్గరికీ వస్తాను. ముందు ఒక మాట చెప్పకపోతే నాకు మనసు ఊరుకోదు.

లా రొషెల్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో, ఇంకా ఎక్కడెక్కడో డాక్యుమెంటరీ సమావేశాల్లో కలుస్తుంటాం. పిచింగ్ సెషన్లో, అంటే మన ఆలోచనను ఛానెళ్లకు వినిపించే చోట, కొద్ది నిమిషాల్లో సీరీస్ అంతా చెప్పేయాలి. ఆ టెన్షన్ మీకు తెలిసిందే. బడ్జెట్ ఎంత, ఎన్ని ఎపిసోడ్లు, భాగస్వాములెవరు, అన్నీ అడుగుతారు. ‘ఇందులో అసలు ఫుటేజ్ ఏది, మీరు తీయించింది ఏది?’ అని అడిగినవాళ్లను మాత్రం నేను చూడలేదు.

ఒక చరిత్ర సీరీస్‌లో ఆర్కైవ్, అంటే ఆ కాలపు అసలు ఫుటేజ్, దొరకనిచోట నటులతో తీశాం. పాత రీలులా గీతలు, మచ్చలు కలిపాం. కింద ఓ మూల ‘ఇది నటులతో చిత్రీకరించిన దృశ్యం’ అని వేశాం. రఫ్ కట్, అంటే తొలి ఎడిటింగ్ కాపీ, చూసి ఛానెల్ పంపిన నోట్స్‌లో మొట్టమొదటిది: ఆ క్యాప్షన్ తీసేయండి, ఫీల్ పోతోంది. ఒప్పుకోలేదు. ఎన్నో మెయిల్స్ నడిచాయి. చివరికి మాకు చెప్పకుండానే తీసేసి ప్రసారం చేశారు. కొన్నాళ్లకు అదే షాట్ ఇంకెవరిదో కార్యక్రమంలో కనిపించింది, పైన ‘ఆర్కైవ్’ అని క్రెడిట్‌తో. మా నటుడి మోచేతి మీద కుట్ల మచ్చ కూడా స్పష్టంగా కనిపిస్తోంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇది ఇప్పటి జబ్బు కాదు. 1916లో బ్రిటన్‌లో ‘ది బ్యాటిల్ ఆఫ్ ది సోమ్’ అనే యుద్ధ డాక్యుమెంటరీ విడుదలైంది. అందులో చాలా భాగం నిజంగా ఫ్రంట్‌లో తీసిందే. కానీ సైనికులు కందకంలోంచి పైకెక్కే షాట్, ఒకడు ఎక్కబోయి వెనక్కి జారిపోతాడే, అది ఫ్రంట్‌కు దూరంగా నటింపజేసి తీసిందని పరిశోధకులు తేల్చారు. మొదటి ప్రపంచ యుద్ధం అనగానే మనం వాడేది ఆ షాటే! రష్యా విప్లవం మీద సోవియట్ దర్శకుడు ఐజెన్‌స్టైన్ తీసిన ‘అక్టోబర్’ 1928 నాటి కథాచిత్రం. అందులో వింటర్ ప్యాలెస్ ముట్టడి దృశ్యాల్ని 1917 నాటి ఫుటేజ్ అన్నట్టు ఎన్ని చరిత్ర కార్యక్రమాల్లో చూడలేదు మనం?

సైన్సు మిత్రులు నవ్వకండి. 1958లో డిస్నీ ‘వైట్ వైల్డర్‌నెస్’లో లెమ్మింగ్‌లు, అంటే ఎలుకల్లాంటి చిన్న జీవులు, గుంపులుగా కొండ మీంచి సముద్రంలోకి దూకి చచ్చిపోతాయి. ఆ దృశ్యం తీసింది కెనడాలో సముద్రమే లేని ఆల్బెర్టా రాష్ట్రంలో. ఆ జీవుల్ని బయటినుంచి తెప్పించి, నీళ్లలోకి నెట్టించారు. ఆ చిత్రానికి ఆస్కార్ వచ్చింది. ఈ మోసాన్ని 1980లలో కెనడా ప్రసార సంస్థ సీబీసీ బయటపెట్టింది. అయినా లెమ్మింగ్‌లు ఆత్మహత్య చేసుకుంటాయని నమ్మేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు. జంతువుల్ని హింసించి మరీ అబద్ధం చెప్పారండీ! నాకు ఇది తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇక రాబోయే పదేళ్లు. అప్పట్లో దొంగ షాట్ తీయడానికైనా కెమెరా, నటులు, లొకేషన్ కావాలి. ఇప్పుడు ఏఐకి ఒక వాక్యం టైప్ చేస్తే చాలు. అమెరికాలో ఆర్కైవల్ ప్రొడ్యూసర్స్ అలయన్స్ 2024లోనే దీనిమీద మార్గదర్శకాలు తెచ్చింది. కృత్రిమంగా చేసిన చిత్రాన్ని ప్రేక్షకుడికి తెలిసేలా చూపించాలన్నది అందులో ముఖ్యమైన సంగతి. ఎవరు తెచ్చారో గమనించారా? ఏ కార్యక్రమం తీయించాలో నిర్ణయించే కమిషనింగ్ ఎడిటర్లు కాదు, ఛానెళ్లు కాదు. క్రెడిట్స్‌లో చివర ఎక్కడో పేరు పడే, పాత ఫుటేజ్ వెతికి తెచ్చే ఆర్కైవ్ నిర్మాతలు.

ఈ హాల్లో ఆర్కైవ్ పనిచేసేవాళ్లు ఎంతమంది ఉన్నారు? దయచేసి చేతులెత్తండి. చూడండి, వెనక వరుసల్లోనే ఉన్నారు. నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే. రేపటి పిచింగ్ ప్యానెల్లో వీళ్లకో కుర్చీ వేయండి. బడ్జెట్ ప్రశ్న కంటే ముందు ఫుటేజ్ ప్రశ్న వాళ్లచేత అడిగించండి. ఛానెళ్లవాళ్లు కూడా ఇక్కడే కూర్చున్నారు. క్యాప్షన్ తీయబోమని కాంట్రాక్టులో రాసివ్వడానికి మీలో ఎవరు సిద్ధమో భోజన విరామంలో నాతో చెప్పండి.